వెయ్యిన్నీ తొంభై అయిదు రోజుల హాజరు

ఆ రోజు ఇంట్లో ఉన్నవారు: మామ్మ, నాన్న, అమ్మ, పంచదార కోసమని వచ్చి కూర్చుండిపోయిన పక్కింటి రావమ్మత్త, మా క్యాంపు పెద్ద వీర్రాజు బాబాయ్, ప్రభుత్వం తరఫున వచ్చి వసారాలో కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు. పిల్లి గడప మీద ఉంది. దాన్ని లోపల ఉన్నట్టు రాయాలో బయట ఉన్నట్టు రాయాలో తెలియలేదు.

నా డైరీ ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది. ఆరో తరగతిలో మా అనసూయ టీచరు అందరినీ డైరీ రాయమన్నారు. ఏం రాయాలో తోచక నేను నోటుపుస్తకం ముందు ఏడుపు మొహం పెట్టుకు కూర్చుంటే, "తోచనప్పుడు హాజరు వెయ్యి. మేమూ రోజూ దాంతోనే మొదలుపెడతాం, తర్వాత అదే నడుస్తుంది" అన్నారు. నిజంగానే నడిచింది. ఇప్పుడు పదో తరగతి పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క రోజు కూడా మానలేదు. నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. ఇంటికెవరైనా వస్తే వంటింటి తలుపు వెనక నిలబడి, వాళ్ళు వెళ్ళేదాకా విని, తర్వాత రాసుకుంటాను.

మాది తొమ్మిదో తూము క్యాంపు. వేరే భాష మాట్లాడే ఈ రాష్ట్రంలో పెద్ద కాలువ తవ్వినప్పుడు, నీళ్ళు పెట్టి వరి పండించడం తెలిసినవాళ్ళు కావాలంటే కృష్ణా జిల్లా నుంచి మా ముత్తాతలు వచ్చి కాలువ గట్టున గుడిసెలు వేశారు. ఒక్క పంట చూసుకుని వెళ్ళిపోదాం అనుకున్నారట. అరవై ఏళ్ళయింది. ఇంకా ఆ పంట చూస్తూనే ఉన్నాం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మమ్మల్ని క్యాంపువాళ్ళంటారు, మేము వాళ్ళను ఊరివాళ్ళంటాం. వాళ్ళు జొన్నరొట్టె పంపితే మేము ఆవకాయ పంపుతాం. రొట్టె గట్టిగా ఉందని మేము, ఆవకాయ మంటగా ఉందని వాళ్ళు ఏడాది పొడుగునా చెప్పుకుంటూనే, గిన్నెలు మాత్రం ఖాళీగా తిప్పి పంపరు.

ఈ మధ్య పైన ప్రభుత్వం మారింది. మారిన ప్రభుత్వానికి ఒక సందేహం వచ్చింది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వచ్చినవాళ్ళు ఆ చోట నిజంగా ఉంటున్నారా, లేక ఉంటున్నట్టు కనబడుతున్నారా అని. సందేహం చాలా పెద్దది కాబట్టి దానికొక శాఖ పెట్టారు. దాని పేరు నిరంతర నివాస నిరూపణ శాఖ. ఆ రోజు మా వసారాలో కూర్చున్నది ఆ శాఖ ప్రత్యేకాధికారి గారు, ఆయన గుమాస్తా నింగప్ప. ప్రత్యేకాధికారి గారు మాట్లాడింది ఇక్కడి భాషే. నేను తెలుగులో రాస్తున్నాను. ఆయన గాంభీర్యం కొంత దారిలో ఒలికిపోయి ఉంటే ఆ తప్పు నాది.

నింగప్ప మా పక్క ఊరివాడే. నాన్న, అతను చిన్నప్పుడు కాలువలో కలిసి ఈదారు. ఆ రోజు మాత్రం కాగితం తీసి, "మీ పేరు?" అని అడిగాడు.

నాన్న చుట్టూ చూసి, తననే అని తేల్చుకుని, "పూర్ణయ్య" అన్నాడు.

"ఈ ఊరు మీకు తెలుసా?"

"నీ పెళ్ళికి బండి కట్టింది నేనే కదయ్యా నింగప్పా!"

"అది ఈ గడిలో పట్టదు" అన్నాడు నింగప్ప తల ఎత్తకుండా.

అధికారి గారు గొంతు సవరించుకున్నారు. "గౌరవ ప్రభుత్వం వారి నూతన ఉత్తర్వుల ప్రకారం, వలస వచ్చిన ప్రతి కుటుంబంలోని ప్రతి వ్యక్తి, గడచిన మూడు సంవత్సరములు, అనగా వెయ్యిన్నీ తొంభై అయిదు దినములు, ప్రస్తుత నివాసంలో ఎడతెగకుండా ఉన్నట్లు నిరూపించుకొనవలెను. ఏ దినమున ఉన్నట్టు రుజువు లేదో ఆ దినమున వెళ్ళిపోయినట్టు భావించబడును."

నాన్న రేషను కార్డు తెచ్చాడు.

"నెలకొకసారి బియ్యం తీసుకున్నారు. ఆ రోజు ఉన్నారు. ఒప్పుకుంటాను. మిగతా ఇరవై తొమ్మిది రోజులు?"

"తిన్నామండి" అన్నాడు నాన్న.

కరెంటు బిల్లులు చూసి, బల్బు వెలిగినట్టు రుజువైంది గానీ దాని కింద ఎవరున్నదీ తెలియడం లేదన్నారు. పొలం పాసుపుస్తకం చూసి, పొలం ఇక్కడే ఉందన్న విషయంలో ప్రభుత్వానికి ఎలాంటి అనుమానమూ లేదన్నారు. వీర్రాజు బాబాయ్ ఓటరు కార్డు చూపించి, "ఈ ప్రభుత్వాన్ని ఎన్నుకున్నవాళ్ళలో నేనూ ఉన్నానండీ" అన్నాడు. పోలింగు నాడు ఉన్నారు, సంతోషం, అన్నారు అధికారి గారు.

మామ్మకు ఓపిక అయిపోయింది. "నాయనా, నేనీ ఇంటికి కోడలిగా వచ్చి యాభై రెండేళ్ళు. గుమ్మం దిగితే పొలం, పొలం దాటితే కాలువ. ఇంకెక్కడికి పోతాను?"

"వెళ్ళలేదని మీరు సెలవిస్తున్నారు. వెళ్ళనట్టు పత్రం కావాలి."

రావమ్మత్త పంచదార గిన్నె కింద పెట్టేసింది. అప్పుడు మా అమ్మ, ఊళ్ళో ఎవరికీ లేని నగ బయటికి తీస్తున్నట్టు, "మా అమ్మాయి రోజూ రాస్తుందండీ, ఇంట్లో ఎవరెవరున్నారో" అంది.

నా డైరీ అమ్మ చదువుతుందని నాకు ఆ క్షణందాకా తెలియదు.

*

తర్వాతి సోమవారం బియ్యం మిల్లు అరుగు మీద విచారణ పెట్టారు. నలభై రెండు ఇళ్ళవాళ్ళూ వచ్చారు. మా బోరులో నీళ్ళు తియ్యగా ఉంటాయి కాబట్టి వారంలో ఒక్కసారైనా అందరూ బిందెలతో మా పెరట్లోకి వస్తారు, వచ్చినవాళ్ళందరూ నా హాజరులో ఉంటారు. ఒక ఇంటినుంచి వారానికి ఒక్కరు కనబడినా ఆ వారమంతా ఆ ఇల్లు ఉన్నట్టే అనుకుందామని అధికారి గారు దయ తలిచారు. పుస్తకం రాసిన మా ఇంటికి మాత్రం మనిషి మనిషికీ లెక్కే అన్నారు. డైరీని సాక్ష్యంగా ఎందుకు ఒప్పుకున్నదీ చెప్పారు. మోసం చేయదలచినవారు ఇంత పనికిరాని సంగతులు రాయరట.

నావి తెలుగు అక్షరాలు. మాతో తిరిగి తెలుగు చదవడం నేర్చుకున్న నింగప్ప, గట్టి గొంతుతో, ఒక్క ముక్క వదలకుండా చదివాడు. నేను ధాన్యం బస్తాల వెనక కూర్చుని భూమి విచ్చుకుంటుందేమోనని చూశాను. మిల్లు వాళ్ళు సిమెంటు గట్టిగా వేయించారు.

"ఉన్నవారు: మామ్మ, అమ్మ, నాన్న. వీర్రాజు బాబాయ్ వచ్చాడు. కాఫీలో డికాక్షను లేదంటూ మూడు గ్లాసులు తాగాడు."

"నమోదు చేయండి" అన్నారు అధికారి గారు. "మూడు గ్లాసులు అనగా కనీసం అరగంట."

"ఉన్నవారు: మామ్మ, అమ్మ. నాన్న కూడా ఉన్నాడు. వీర్రాజు బాబాయ్ వస్తే లేడని చెప్పమన్నాడు. అమ్మ చెప్పింది."

వీర్రాజు బాబాయ్ మెల్లగా నాన్న వైపు తిరిగాడు. నాన్న మిల్లు కప్పు వైపు చూశాడు.

అధికారి గారు కలం కింద పెట్టారు. ఇది హాజరా, గైర్హాజరా? ఇంట్లోవాళ్ళే లేడన్నారు. రాసిన వ్యక్తి ఉన్నాడంటోంది. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి, "దాగి ఉండుట కూడా ఉండుటయే" అని తీర్పు చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు, వీర్రాజు బాబాయ్ తప్ప.

చిక్కు రావమ్మత్త దగ్గర వచ్చింది. ఆమె ఒంటరి మనిషి. పోయిన సంవత్సరం మా కోడి వాళ్ళ వడియాలు తొక్కితే మాకూ ఆమెకూ ఎనిమిది నెలలు మాటల్లేవు, బిందె పట్టుకుని వచ్చిందీ లేదు. ఆ ఎనిమిది నెలలూ ఆమె ఈ రాష్ట్రంలో లేనట్టే లెక్క తేలింది.

"అయ్యో, నా వడియాలు తొక్కింది కాక నన్ను ఊళ్ళోంచే పంపించేస్తారా!" అని రావమ్మత్త లేచింది.

నింగప్ప పేజీలు తిప్పాడు. "సార్, ఇక్కడుంది. 'రావమ్మత్త రాలేదు. గోడ అవతలి నుంచి మమ్మల్నీ మా కోడినీ తిట్టింది.' మళ్ళీ మర్నాడు. 'రావమ్మత్త రాలేదు. ఇవాళ కోడిని మాత్రమే తిట్టింది.' ఇలా వారానికి రెండు మూడు చోట్ల ఉంది సార్."

"మనిషి కనబడలేదు. గొంతు ఆమెదేనని నిర్ధారణ ఏమిటి?"

మిల్లంతా ఒక్కసారి నవ్వింది. "ఆ గొంతు ఇంకోటి దేవుడు చెయ్యలేదండీ" అన్నాడు వీర్రాజు బాబాయ్.

అధికారి గారు ఉత్తర్వుల పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పారు. చివరికి, "వెళ్ళిపోదలచినవారు వడియాల నిమిత్తం ఎనిమిది మాసములు తగవులాడరు. ఇది స్థిరనివాస లక్షణము. శబ్ద హాజరుగా నమోదు చేయండి" అన్నారు.

రావమ్మత్త అమ్మ పక్కనే కూర్చుని, "చూశావా వదినా, తిట్టబట్టి నిలబడ్డాను" అంది.

సాయంత్రం కాకుండానే క్యాంపువాళ్ళంతా నిశ్చితులైపోయారు. అది శాఖవారి మాట. ఉన్నారని తేలినవారు నిశ్చితులు, తేలనివారు అనిశ్చితులు. ఎవరో వెళ్ళి అందరికీ సోడాలు తెచ్చారు. నన్ను బస్తాల వెనకనుంచి లాగి, బుగ్గలు పిండి, "నోట్లో నాలుక లేకపోయినా చేతిలో ఉందే నీకు!" అని మురిసిపోయారు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. లోపల మాత్రం చాలా సంతోషంగా ఉంది.

అప్పుడు నింగప్ప ఇబ్బందిగా కదిలి, "సార్, ఈ పుస్తకం రాసినవారు జాబితాలో లేరు" అన్నాడు.

"ఎవరు?"

"హైమావతి, తండ్రి పూర్ణయ్య. వెయ్యిన్నీ తొంభై అయిదు రోజుల్లో ఒక్క రోజు కూడా ఇంట్లో ఉన్నట్టు లేదు సార్."

హాజరుపట్టీలో టీచరు పేరు ఉండదు కదా. నేను అలాగే నేర్చుకున్నాను. ఇంట్లో ఉన్నవారు ఎవరని చుట్టూ చూసి రాసుకున్నాను. చుట్టూ చూస్తే నేను నాకు కనబడను.

నాన్న నవ్వాడు. "అదేంటండీ, రాసింది ఆ పిల్లే కదా!"

"రాయుటకు ఇంట్లో ఉండనవసరం లేదు" అన్నారు అధికారి గారు. "రాజధానిలో కూర్చున్నవారు మీ గురించి ఎంత రాయలేదు?"

నాన్న నవ్వు ఆపేశాడు. మా బడి హెడ్మాస్టరు గారు ఆ గుంపులోనే ఉన్నారు. సైకిలు మీద పోయి బడి హాజరుపట్టీ తెచ్చారు. ఏడాదికి రెండు వందల పైచిలుకు రోజులు నా పేరు ఎదురుగా టిక్కులే. అధికారి గారు ప్రతి పేజీ చూసి మెచ్చుకున్నారు. "చాలా శ్రద్ధ గల విద్యార్థిని. పది గంటల నుంచి నాలుగు గంటల వరకు ఈమె ఇంట్లో లేదని ప్రభుత్వ ముద్రతో సహా రుజువవుతున్నది" అన్నారు.

అంతకన్నా ఘోరం నా డైరీలోనే ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ, "మీ అమ్మాయి కనిపించదేం?" అని అడిగినట్టు పందొమ్మిది చోట్ల రాసుకున్నాను. "ఎక్కడో ఉందండి" అని అమ్మ అన్నట్టు పందొమ్మిది చోట్లా ఉంది. ఎక్కడో అన్నది ఈ రాష్ట్రం అవతల కూడా కావచ్చునట. గోడ అవతలి నుంచి రావమ్మత్త అన్న మాట కూడా నింగప్ప చదివాడు, చదవలేక చదివాడు: "ఆ పిల్లొకతె, ఇంట్లో ఉందో లేదో కూడా తెలీదు."

"అది కోపంలో అన్న మాటండీ!" అంది రావమ్మత్త. మొదటిసారి ఆమె గొంతు చిన్నగా వినిపించింది.

"తమరి గొంతును ఇందాకే ప్రామాణికంగా స్వీకరించాము" అన్నారు అధికారి గారు విచారంగా.

నా చేతికి ఒక చీటీ ఇచ్చారు. అనిశ్చితురాలు తొంభై దినములలో స్వస్థలము చేరవలెను, ఈలోగా ఏ కళాశాలయందునూ చేరరాదు. స్వస్థలం అన్నచోట మా ముత్తాతల ఊరి పేరు. నేను ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. మామ్మ చాలా ఏళ్ళ కిందట ఒకసారి చుట్టాల పెళ్ళికి వెళ్ళి చూసి వచ్చింది. మన ఇల్లున్న చోట ఇప్పుడు నాలుగు వరసల రోడ్డు పడింది అని చెప్పింది. స్వస్థలంలో నేను దిగవలసింది లారీల మధ్య.

*

ఆ సాయంత్రం మొదటిసారి జాబితా చివర 'నేను' అని రాశాను. అది ఒక రోజు. ఇంకా వెయ్యిన్నీ తొంభై నాలుగు కావాలి.

అమ్మ తననే తిట్టుకుంది. ఎవరడిగినా "ఇదిగో వంటింట్లో ఉంది" అనక, ఎక్కడో అని ఎందుకన్నానా అని. నాన్న పొలం పోవడం మానేసి ఉత్తర్వుల పుస్తకం తెచ్చుకుని చదివాడు. అందులో పంట గురించి ఏమీ లేదన్నాడు. పాత పేజీల్లో 'నేను' చేర్చేస్తే పోలా అని వీర్రాజు బాబాయ్ అడిగాడు. ఆ ముక్క చెవిన పడగానే నింగప్ప పరుగున వచ్చి, "వద్దు బాబాయ్, ఒక అక్షరం చేర్చినా డైరీ మొత్తం చెల్లదు. నలభై రెండు ఇళ్ళూ పోతాయి" అన్నాడు. దాంతో నాన్న ఆ మూడేళ్ళ డైరీలూ బీరువాలో పెట్టి తాళం వేశాడు. నన్ను నేను ఇంట్లోకి రాసుకుంటే క్యాంపంతా వీధిన పడుతుంది.

క్యాంపుకు నా మీద ఎన్నడూ లేని శ్రద్ధ కలిగింది. ఇళ్ళన్నీ తలా ఒక నోటుపుస్తకం కొన్నాయి, అందులో నా హాజరు వేయడానికి. నీళ్ళకొచ్చినవాళ్ళు ముందు వంటింట్లోకి తొంగిచూసి, "ఉన్నావా అమ్మా హైమా? ఉంది, రాసుకోండి" అని, అప్పుడు బిందె నింపుకునేవారు. తెల్లారేసరికి రావమ్మత్త గోడ మీదుగా, "ఒసే హైమా, ఉన్నావటే?" అని కేకేసేది.

"ఆఁ" అనేదాన్ని.

"గట్టిగా! నాకు వినబడితే చాలదు, రోడ్డు మీద పోయేవాడు కూడా సాక్ష్యం చెప్పాలి!"

"ఉన్నానత్తా!"

వారం తిరిగేసరికి నా గొంతు కాలువ అవతలికి వినబడుతోందని కబురొచ్చింది. ఇన్ని నోటుపుస్తకాలూ మోసుకుని నాన్న శాఖ కార్యాలయానికి వెళ్ళాడు. అధికారి గారు అన్నీ తూకం వేయించి, రసీదు ఇచ్చి, ఇవన్నీ మూడేళ్ళు నిండాక పనికొస్తాయన్నారు. ఈ లోపల తొంభై రోజులు నిండుతాయి కదా అంటే, అవునన్నారు.

నాన్న లేవలేదట. బల్ల ముందు అలాగే కూర్చున్నాడట. అధికారి గారు చెడ్డవారు కాదు. ఆయనకూ నా వయసు కూతురుందట. ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "పూర్ణయ్య గారూ, ఉన్నవారిని నిరూపించుట కష్టము. వచ్చువారిని నమోదు చేయుట సులభము" అన్నారు.

"అంటే ఏంటండీ?"

"మీ అమ్మాయి వచ్చేయాలి."

"ఎక్కడికి?"

"మీ ఇంటికి."

*

దాన్ని నూతనాగమనం అంటారు. కొత్తగా వచ్చేవాళ్ళకు పాత రోజుల రుజువులు అక్కర్లేదు. బయటనుంచి సామానుతో రావాలి, ఒక నిశ్చిత కుటుంబం వాళ్ళను ఇంట్లోకి తీసుకోవాలి, అధికారి కళ్ళారా చూడాలి. ఆ రోజునుంచి లెక్క మొదలు. కాలేజీలో కూడా చేరవచ్చు.

శుక్రవారం మంచిదని మామ్మ ముహూర్తం పెట్టింది. అమ్మ సంచి సర్దింది. ఎక్కడికీ వెళ్ళని పిల్లకు ఏం సర్దాలో తెలియక నాలుగు జతల బట్టలు, దువ్వెన, రెండు నిమ్మకాయలు పెట్టింది. బస్సులో కడుపులో తిప్పితే వాసన చూడమంది. బస్సు ఎక్కాల్సింది పన్నెండో తూము దగ్గర, దిగాల్సింది మా దగ్గర. పది నిమిషాల ప్రయాణం. నాన్న మోటారు సైకిలు మీద పన్నెండో తూము దాకా తీసుకెళ్ళి బస్సెక్కించాడు. కండక్టరుకు నేను తెలుసు. "పరీక్షలైపోయాయి కదా, ఎక్కడినుంచి వస్తున్నావమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఏం చెప్పాలో నాకెవరూ నేర్పలేదు.

దిగేసరికి క్యాంపంతా స్టాపులో ఉంది. కొందరు పొలంనుంచి బురద కాళ్ళతోనే వచ్చారు. అధికారి గారు జీపు పక్కన గొడుగు కింద నిలబడ్డారు. నింగప్ప అట్ట మీద కాగితం పెట్టుకుని ముందుకొచ్చాడు.

"పేరు?"

"హైమావతి." రావమ్మత్త ధర్మమా అని అందరికీ వినబడింది.

"ఏ ఊరు నుంచి?"

"ఈ ఊరే."

నింగప్ప బతిమాలుతున్నట్టు చూశాడు. "పన్నెండో తూము" అన్నాను.

"వచ్చిన కారణం?"

నేను ఆలోచించాను. మామ్మ పొద్దున మామిడికాయ పప్పు చేస్తానంది. "అన్నానికి" అన్నాను.

"జీవనోపాధి" అని రాసుకున్నాడు నింగప్ప.

నేను ముందు, నా వెనక అట్టతో నింగప్ప, ఆ వెనక గొడుగుతో అధికారి గారు, ఆ వెనక నలభై రెండు ఇళ్ళవాళ్ళు. నాన్న మమ్మల్ని దాటుకుని ముందే వెళ్ళి గుమ్మంలో అమ్మ పక్కన, మామ్మ పక్కన నిలబడ్డాడు. రోజూ నడిచే దారే. అందరూ చూస్తుంటే కాళ్ళు ఎక్కడ వెయ్యాలో మరిచిపోయాను.

ఇంటి ముందు ఆగాం. నింగప్ప కాగితం తిప్పి నాన్నను అడిగాడు. "ఈ వచ్చినామెను ఇంతకు ముందు చూశారా?"

చూశానంటే పాత మనిషి కింద లెక్క, పాత రోజుల రుజువు కావాలి. నాన్నకు అది నూరుసార్లు చెప్పారు. నాన్న నా వైపు చూడకుండా, "లేదు" అన్నాడు. అమ్మను అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. నింగప్ప మామ్మ వైపు తిరిగాడు.

"ఏరా నింగా, ఈ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోశానురా దానికి. చూడలేదని చెప్పమంటావా?"

"మామ్మా, నాకు తెలుసు. దాని బారసాల రోజు నేను ఇక్కడే భోంచేశాను. కాగితానికి తెలీదు" అన్నాడు నింగప్ప. మామ్మ, "కాగితానికి నేను చెప్పనులే. నువ్వే రాసుకో" అంది. నింగప్ప రాసుకున్నాడు.

ఇంక లోపలికి వెళ్ళడమే అనుకుని నేను మెట్టెక్కాను.

"ఆగవలెను" అన్నారు అధికారి గారు. గొడుగు మడిచి మా గుమ్మం కేసి చూపించారు. "తలుపు తెరిచి ఉన్నది."

"మా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందండీ" అన్నాడు నాన్న. "బిందెలవాళ్ళు వస్తుంటారు."

"అదే చిక్కు. తెరిచి ఉన్న తలుపులో నుండి వచ్చుట ఆగమనము కాజాలదు. అవి కేవలం రాకపోకలు. తలుపు మూయబడవలెను, వచ్చినామె తట్టవలెను, మీరు తెరిచి స్వీకరించవలెను."

"తప్పు నాయనా!" మామ్మ గుమ్మానికి అడ్డంగా చేతులు పెట్టేసింది. "ఆడపిల్ల మొహం మీద తలుపు వేస్తానా? పగటిపూట ఈ తలుపు ఎవరి మొహం మీదా వేసి ఎరగను. నువ్వు మొదటిరోజు వచ్చి మమ్మల్ని పొమ్మన్నప్పుడు కూడా వెయ్యలేదు."

అధికారి గారు గొడుగు మళ్ళీ తెరిచారు, ఎండ లేకపోయినా. మామ్మ కదిలేటట్టు లేదు. నింగప్ప గడియారం చూసుకుంటున్నాడు, జీపు ఇంకో మూడు క్యాంపులకు పోవాలి.

నేను సంచి కింద పెట్టాను. "మామ్మా, వేసెయ్" అన్నాను. గట్టిగానే అన్నాను. "నేనే తడతాను కదా."

మామ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ఏళ్ళ తరబడి పగలు కదలని తలుపు. కింద మట్టి పట్టుకుపోయి రానంది. నాన్న ఒక చెయ్యి వేశాడు, అమ్మ ఒక చెయ్యి వేసింది. తలుపు కీచుమంటూ సగం వచ్చింది. ఆ సందులోంచి మామ్మ మొహం ఒక్కటే కనబడుతోంది.

"పప్పు చల్లారిపోతుంది. తొందరగా రా" అని, మామ్మ తలుపు వేసేసింది.